మాస్టారు సభ మొదలుపెడితే

మా ఊళ్ళో ఏ సభ జరిగినా మొదటి మాట మాస్టారిదే. అధ్యక్షులు మారేవారు, ముఖ్య అతిథులు మారేవారు, మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు కూడా మారింది. స్వాగతం చెప్పే మనిషి మాత్రం మారలేదు.

రేపల్లె వైపు కాలవ గట్టు మీది ఊరు మాది. ఆయన హైస్కూల్లో తెలుగు పండితులు. నేను ఆయన దగ్గర చదువుకున్నాను, ఆయన పెట్టిన సభల్లో ప్రార్థన కూడా పాడేదాన్ని. పాట రెండు నిమిషాలే అయినా మధ్యాహ్నం నాలుగింటికల్లా రమ్మనేవారు. ఆ వంకతో, సభ మొదలవక ముందు ఎంత పని ఉంటుందో దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది. ఇప్పటికీ ఎవరి సభకెళ్ళినా నా చెవులు మొదటి ఐదు నిమిషాల మీదే ఉంటాయి. ఆ ఐదు నిమిషాలు కుదిరితే మిగతా రెండు గంటలూ జనం కదలకుండా కూర్చోవడం, కుదరకపోతే ఎంత పెద్ద వక్త వచ్చినా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం, రెండూ చూశాను.

సభలంటే ముఖ్యంగా గ్రంథాలయ వారోత్సవాలు. నవంబరు 14 నుంచి 20 దాకా, వారం రోజులు. 14న బాలల దినోత్సవం కాబట్టి ఈ వారోత్సవాలూ నెహ్రూగారి పేరు మీదే అనుకునేవాళ్ళం పిల్లలమంతా. మాస్టారు ఊరుకునేవారు కాదు. 1919లో సరిగ్గా అదే రోజున మద్రాసులో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగిందనీ, దాని గుర్తుగానే ఈ వారం పెట్టారనీ ఏటా మొదటి రోజు చెప్పేవారు. చెప్పేటప్పుడు ముందు జంపఖానా మీద కూర్చున్న పిల్లల వైపు చూసేవారు, పెద్దల వైపు కాదు. మన తెలుగు మనిషి చేసిన పనిని దేశమంతా తలుచుకుంటోందని ఆ వయసులోనే మాకు తెలిసిందంటే ఆయన చలవే.

నాలుగింటికి వెళ్ళేసరికి మాస్టారు లైబ్రరీలో చివరి వరసలో కూర్చుని ఉండేవారు. నన్ను వేదిక దగ్గరికి పంపి ఆ పూట పేపర్లోంచి ఏదైనా వార్త చదవమనేవారు. వేదికంటే పత్రికలు చదువుకునే బల్లలు నాలుగు కలిపి, పైన తెల్ల దుప్పటి పరిచిందే. నేను చదువుతుంటే ఆయన ఒక్కో కుర్చీ మారుతూ వినేవారు. గోడ వారగా ఒకచోట, బీరువా పక్కన ఇంకోచోట, గుమ్మం అవతల అరుగు మీద మరోచోట. మైకు కూత పెడితే అబ్బాయిని పిలిచి, ‘హారను మొహం మైకు వైపుంది, రోడ్డు వైపు తిప్పు నాయనా’ అనేవారు. జనం వచ్చి కూర్చున్నాక ‘హలో, హలో, మైక్ టెస్టింగ్’ అనే మాట మా లైబ్రరీలో నేనెప్పుడూ వినలేదు. ఆ తంతంతా నాలుగున్నరకే అయిపోయేది.

తర్వాత దీపం. జ్యోతి ప్రజ్వలన అనగానే అతిథి వంగి అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీయడం, వత్తి అంటుకోకపోవడం, ‘ఫ్యానాపండి’ అని నలుగురు కేకలెయ్యడం చాలాచోట్ల చూస్తాం కదా. సభ ముఖాన మొదటి ముద్ర అదే పడిపోతుంది. మాస్టారు ఇత్తడి కుంది తుడిచి, వత్తుల్ని నూనెలో నాననిచ్చి, కొసలు వేళ్ళతో పిండి నిలబెట్టేవారు. కర్పూరం బిళ్ళ అరచేతిలో నలిపి ఆ పొడిని కొసలకి అద్దేవారు. పక్కన కొవ్వొత్తి, కొత్త అగ్గిపెట్టె. ప్రమిద మీద ఫ్యాను గాలి పడుతుందేమోనని చెయ్యి పెట్టి చూసి, కుందిని మూడడుగులు జరిపేవారు. అతిథి కొవ్వొత్తి తాకించగానే వత్తి భగ్గున వెలిగేది, జనం చప్పట్లు కొట్టేవారు. ఆ కర్పూరం సంగతి మాస్టారికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఈ మాట బయటపెట్టడం ఇదే మొదలు.

ఆయన షర్టు జేబులో ఎప్పుడూ పోస్టు కార్డులుండేవి. అతిథిగా రావడానికి ఒప్పుకున్నవారికి నెల ముందే రిప్లై కార్డు రాసేవారు. తమరి పేరు ఎలా పలకమంటారు, ఇంటిపేరుతోనా, ఒట్టి పేరుతోనా? మా ఊరెప్పుడైనా వచ్చారా? ఇక్కడ తెలిసినవాళ్ళున్నారా? డిగ్రీలు, బిరుదులు, సన్మానాలు అడిగేవారు కాదు. అడక్కపోయినా కొందరు రెండు పేజీలు టైపు చేసి పంపేవారు. మాస్టారు అది చదివి, జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టేసేవారు.

ఒకసారి గుంటూరు నుంచి చరిత్ర లెక్చరరు ఒకాయన వచ్చారు. మితభాషి. దిగినప్పట్నుంచీ ముభావంగానే ఉన్నారు. ఈయన మాట్లాడతారా అని కమిటీవాళ్ళకి బెంగ పట్టుకుంది. మాస్టారు మైకు దగ్గరికొచ్చి ఆయన గురించి చెప్పింది ఇంతే: ‘వీరు మూడో తరగతి దాకా మన పక్కూళ్ళోనే మేనత్తగారింట ఉండి చదువుకున్నారు. ఆ మేనత్తగారి అమ్మాయి ఇవాళ మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది.’ జనమంతా తలలు తిప్పి చూశారు. అతిథి కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ‘బాగున్నావా వదినా’ అని ఆయన వేదిక మీదనుంచే పలకరించేసరికి హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ పూట ఆయన మాట్లాడినట్టు ఆ వారంలో ఇంకెవరూ మాట్లాడలేదు. పరిచయమంటే అదే కదూ. ఆయన ఎంత గొప్పవాడో చెప్పడం కంటే, మనకేమవుతాడో చెప్పడం. ‘పరిచయం అక్కర్లేని వ్యక్తి’ అని మొదలుపెట్టి పావుగంట పరిచయం చేసేవాళ్ళని చూస్తే నాకు ఆ మూడో వరస కిటికీ గుర్తొస్తుంది.

ఆరింటికని కరపత్రంలో వేస్తే ఆరింటికే. హాల్లో ఇరవై మందే ఉన్నా సరే. ‘ఇంకాసేపు చూద్దాం మాస్టారూ, జనం పలచగా ఉన్నారు’ అని ఎవరైనా అంటే, ‘వచ్చినవాళ్ళని రానివాళ్ళ కోసం కూర్చోబెడతామా?’ అనేవారు. ఆ ఖచ్చితం వల్లనే ఏటేటా జనం వేళకి రావడం అలవాటు చేసుకున్నారు. మాస్టారు ముందుగా చేసే ఇంకో పనుంది. ఐదున్నరకల్లా అరుగు మీద తటపటాయిస్తూ నిలబడే ఆడవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, ‘ఇటు పక్క కుర్చీలు మీకే వేయించాను తల్లీ, లోపలికి రండి’ అని పిలిచేవారు. మైకులో ‘దయచేసి ముందుకు రావలసిందిగా ప్రార్థన’ అంటే కదలనివాళ్ళు, ఆయన దగ్గరికొచ్చి పిలిస్తే కదిలేవారు. వాళ్ళని కూర్చోబెట్టాకే తను వేదిక వైపు నడిచేవారు.

ఇక ఆయన మొదటి వాక్యం. నా ప్రార్థన అయ్యేది, పెద్దల్ని వేదిక మీదికి పిలిచేవారు, దీపం వెలిగేది. అప్పుడు రెండు చేతులూ జోడించి నిలబడేవారు. కుర్చీలు జరిగే చప్పుడు, దగ్గులు, పసిపిల్లల ఏడుపు అన్నీ సద్దుమణిగేదాకా అలాగే, చిరునవ్వుతో. ఆ కొన్ని క్షణాలు నాకు భలే ఇష్టంగా ఉండేవి. తర్వాత ఆయన నోట వచ్చేది అక్కడున్న అందరికీ తెలిసిన సంగతై ఉండేది. ‘ఇవాళ పొద్దున కాలవకి నీళ్ళొచ్చాయి’, లేదా ‘తెనాలి పాసింజరు ఇవాళ ముప్పావుగంట లేటు. అందులో వచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా నేరుగా ఇటే వచ్చారు’. వేదికనలంకరించిన పెద్దలు, సభాసదులు, సాహితీ ప్రియులు అంటూ సంబోధనల దండకం చదివేవారు కాదు. ఎవరి పొలం ధ్యాసలో వాళ్ళు, ఎవరి ఇంటి చికాకులో వాళ్ళు కూర్చున్నవాళ్ళంతా ఆ ఒక్క మాటతో ఒకచోటికి వచ్చేసేవాళ్ళు. అక్కణ్ణుంచి మెల్లగా విషయంలోకి దింపేవారు.

ఒక ఏడాది కాలవ నీళ్ళ మాటతోనే మొదలుపెట్టి, ‘ఈ కాలవల మీద ఒకప్పుడు పుస్తకాలు కూడా ప్రయాణం చేశాయి’ అన్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు దుగ్గిరాల పక్క పెదపాలెం నుంచి పడవ గ్రంథాలయం నడిపిన సంగతి అప్పుడే మొదటిసారి విన్నాను. పడవలో ప్రయాణం చేసేవాళ్ళు చదువుకోవడానికి పుస్తకాలూ పత్రికలూ పెట్టడం అన్నది ఎవరికైనా తట్టే ఆలోచనేనా! ‘ఆ పడవ మన రేవు దాకా రాలేదు. ఈ లైబ్రరీ మాత్రం మన నడి బజార్లో ఉంది’ అని ఆగి, అతిథిని పిలిచి కూర్చున్నారు. మర్నాడు కొత్తగా పుస్తకాలు తీసుకోవడానికి వచ్చిన జనాన్ని చూసి లైబ్రేరియన్ గారు మురిసిపోయారు.

ఎందుకంత కొంచెమే మాట్లాడతారని ఒకసారి అడిగాను. సంస్కృత నాటకాల్లో సూత్రధారుణ్ణి చూడమన్నారు. నాంది అవగానే వస్తాడు, నటిని పిలుస్తాడు, పాడమంటాడు, ఆ పాటతో జనం మనసు లాగి, ఏ నాటకం వెయ్యబోతున్నారో చెప్పి వెళ్ళిపోతాడు. కథ మొదలయ్యాక అతను రంగం మీద ఉండడు. ‘పాట నువ్వు పాడుతున్నావు, రెండు ముక్కలు నేను చెబుతున్నాను. ఇంకా నిలబడితే నాటకమెప్పుడు వేస్తారమ్మాయ్?’ అన్నారు.

ఒక ఏడు అష్టావధానం పెట్టారు. కమిటీలో సగం మందికి నచ్చలేదు. మా ఊరు వ్యవసాయదార్ల ఊరు, నిషిద్ధాక్షరి, దత్తపది అంటే ఎవరికర్థమవుతాయని. అవధాని గారు వచ్చారు, ఆయన్ని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మందీ వేదికెక్కారు, సంచాలకులు మాస్టారే. అవధాన విద్య ఎప్పటిది, ఎవరెవరు ప్రసిద్ధులు అని మొదలుపెడతారనుకుంటే నన్ను పిలిచి మైకు ముందు నిలబెట్టారు. ‘ఈ అమ్మాయి ఒక మాట అనుకుంటుంది, ఒక్కో అక్షరమే పైకి చెబుతుంది. తర్వాత ఏ అక్షరం వస్తుందో ఊహించి, అది వద్దని నేను అడ్డుపడతాను. ఊఁ, కానియ్యమ్మా’ అన్నారు.

నేను రాముడు అనుకుని, ‘రా’ అన్నాను.

‘మ వద్దు’ అన్నారు.

కాస్త ఆలోచించి ‘జ’ అన్నాను.

‘న వద్దు. రాజన్న అందామనుకుంటుందేమో.’

నిజంగానే అదే అనుకున్నాను. గొంతుకి అడ్డం పడినట్టయింది. హాలంతా నా కోసం వెతుకుతోంది, పెదాలు కదుపుతున్నారు. వెనక వరసలోంచి కౌలు రైతు ఒకాయన లేచి, ‘మ అనమ్మాయ్! రాజమండ్రి! మ ఇందాకటి అక్షరానికే వద్దన్నారు గానీ ఇప్పుడు వద్దన్లేదుగా!’ అని అరిచాడు.

చప్పట్లు మోగిపోయాయి. మాస్టారు ఆయన వైపు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి, ‘నియమం మీరే చెప్పేశారు. మనం మాటతో ఆడిన ఈ ఆట అవధాని గారు పద్యంతో ఆడతారు. ఛందస్సు తప్పకుండా, అర్థం చెడకుండా, మిగతా ఏడుగురూ మధ్యలో అడ్డుపడుతుండగా’ అని ఆయనకి సభ అప్పగించారు. అప్పటినుంచి నిషిద్ధాక్షరి వంతు వచ్చినప్పుడల్లా హాలు ఊపిరి బిగబట్టింది. పృచ్ఛకుడు అక్షరం వద్దనగానే ‘అబ్బా’ అనేవాళ్ళు, అవధాని గారు వేరే అక్షరం వెయ్యగానే ‘భేష్’ అనేవాళ్ళు. పద్యాలన్నీ అందరికీ అర్థమయ్యాయని చెప్పను. కానీ రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు. ‘మీ ఊరివాళ్ళు విన్నట్టు పట్నాల్లో కూడా వినరండీ’ అని అవధాని గారు వెళ్ళేటప్పుడు చెప్పారు.

నవంబరు 19 సంగతి చెప్పాలి. 1977లో దివిసీమని ఉప్పెన ముంచేసిన రోజది. వారోత్సవాల్లో ఆరో రోజు. అటునుంచి అన్నీ పోగొట్టుకుని వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబాలు కొన్ని ఉండేవి. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక ఏడాది 19న పిల్లల హాస్యనాటిక పడింది. ఆ రోజు నవ్వులేంటి, వాయిదా వెయ్యమని కొందరు. పిల్లలు నెల్లాళ్ళుగా నేర్చుకున్నారు, ఉప్పెన మాట ఎత్తకుండా కానిచ్చేద్దామని కొందరు.

మాస్టారు ముందు రోజు సాయంత్రం ఆ కుటుంబాల ఇళ్ళకి వెళ్ళారు. కుంది తేవడానికని వెంట వెళ్ళాను గనుక నేనూ విన్నాను. ‘రేపు సభలో మీవాళ్ళని తలుచుకుందామనుకుంటున్నాను. పేర్లు చదవమంటారా, వద్దంటారా? మీకెలా ఉంటే అలాగే’ అని గుమ్మంలో నిలబడి అడిగారు. ఒక ఇంట్లో పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘చదవండి బాబూ. వాళ్ళ పేర్లు ఎవురూ పలకట్లేదు’ అంది. ఒక్కొక్క పేరూ చెప్పించుకుని, ముద్దుపేరుతో సహా, పోస్టు కార్డు మీద రాసుకున్నారు.

మర్నాడు ప్రార్థన లేదు. దీపం వెలిగించలేదు. మాస్టారు వచ్చి, ‘ఇవాళ నవంబరు పంతొమ్మిది’ అన్నారు. కార్డు తీసి పేర్లు చదివారు. ఫలానావారి అబ్బాయి, ఇంత వయసు అంటూ, అంతే. విశేషణాలేమీ లేవు, గొంతు వణకలేదు. చదవడమయ్యాక ఆ పెద్దావిడని మనవరాలితో సహా ముందుకి పిలిచి ఆ పిల్ల చేత దీపం వెలిగింపజేశారు. కాసేపు ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: ‘ఇప్పుడు మన పిల్లలు నాటిక వేస్తారు. నవ్వొచ్చే నాటిక. నవ్వొస్తే నవ్వండి. ఎవరూ ఏమీ అనుకోరు.’

జనం నవ్వారు. ఆ పెద్దావిడ కూడా, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని.

ఆ తర్వాత ఎన్ని సభలు చూశానో. మంత్రులొచ్చినవి, లక్షలు ఖర్చుపెట్టినవి. వేదిక మీద ఇరవై కుర్చీలు, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరికీ బొకే, ఫొటో. అసలు విషయం మొదలయ్యేసరికి గంటన్నర. ఆ గంటన్నరా కింద కూర్చున్నవాళ్ళతో ఎవరూ ఒక్క మాటా మాట్లాడరు. అది చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఊరుకాని ఊళ్ళో, బస్సు పట్టుకుని, పనులు మానుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు. సభ పెట్టినవాళ్ళు ముందు పలకరించవలసింది వాళ్ళనే. శాలువాలు వద్దనడంలేదు, చివర్లో కప్పినా వెచ్చగానే ఉంటాయి.

నేను బ్యాంకులో చేరి హైదరాబాదు వచ్చాక మా బ్రాంచి అటెండరు గారి పదవీ విరమణ సభకి స్వాగతం చెప్పే పని నాకు పడింది. రీజనల్ ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు గనుక ముందు వాళ్ళ గురించి చెప్పమని ఒక కాగితం ఇచ్చారు. నేను ముందు రోజు అటెండరు గారి ఇంటికి ఫోను చేసి వాళ్ళావిడతో మాట్లాడాను. పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరతారు, ఏం తిని వెళతారు, ఇన్నేళ్ళలో ఏ రోజు గుర్తుంది అని. ఆవిడ మొదట బిడియపడింది, తర్వాత అరగంట మాట్లాడింది. సభనాడు ఆవిడ చివర్న కూర్చోబోతుంటే తీసుకొచ్చి భర్త పక్కన కూర్చోబెట్టాను. చప్పుడు సద్దుమణిగేదాకా ఆగి, ‘మన బ్రాంచి షట్టరు తీసిన చప్పుడు మనలో ఎవరమూ వినలేదు. మనం వచ్చేసరికే అది తీసి ఉంటుంది’ అని మొదలుపెట్టాను. ఆయన మోండా మార్కెట్ దగ్గర మొదటి బస్సెక్కడానికి ఎన్నింటికి లేచేవారో, వాళ్ళావిడ చెప్పిందే చెప్పాను. పెద్దవాళ్ళ పేర్లు, హోదాలు తప్పుల్లేకుండా ఒక్కొక్క వాక్యంలో చెప్పి కూర్చున్నాను. రీజనల్ మేనేజరు గారు తెచ్చుకున్న ప్రసంగం కాగితం జేబులో పెట్టేసి, తను క్లర్కుగా చేరిన మొదటి రోజు తలుపు తీసిపెట్టిన అటెండరు గురించి మాట్లాడారు.

అదంతా ఆ రాత్రే మాస్టారికి ఉత్తరం రాశాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది, చూపు మందగించింది. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. అక్షరాలు పెద్దవై, వరసలు కాస్త పైకి ఎక్కాయి. ‘చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు’ అన్న వరస తర్వాత అన్నీ ప్రశ్నలే. ఎన్ని నిమిషాలు మాట్లాడావు? ఆవిడ ఎటుపక్క కూర్చుంది? దీపం ఒక్కసారికే వెలిగిందా? చివరి వరసకి వినపడిందో లేదో ఎవర్నన్నా అడిగావా?

నాలుగు నిమిషాలండీ, కుడి పక్కన, వెలిగింది, సెక్యూరిటీ గార్డు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు, అతన్ని అడిగాను, షట్టరు మాట బాగుందన్నాడు అని మర్నాడే జవాబు రాశాను.